పదకొండో ప్రశ్న

జున్నును ఎవరికైనా ఇవ్వాలని ఇంట్లో నిర్ణయమైంది మే నెలలో.

కంపెనీ ఇంటాయన్ను డాలస్ ఆఫీసుకు బదిలీ చేసింది. ఆగస్టు ఆఖర్లో ప్రయాణం. భార్యకూ తొమ్మిదేళ్ళ కొడుక్కూ వీసాలు వచ్చేశాయి. నల్లగండ్ల ఫ్లాటులోకి అద్దెకు మనుషులు కుదిరారు. కారు బేరం అయిపోయింది. ఫ్రిజ్జు బావమరిది తీసుకెళ్తానన్నాడు. ఎటూ తేలనిది కుక్క ఒక్కటే.

జున్ను జాతికుక్క కాదు. 2020 లాక్‌డౌన్‌లో, మూసేసిన ఒక టిఫిన్ సెంటర్ మెట్ల కింద దొరికిన నాలుగు పిల్లల్లో ఒకటి. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకావిడ వాటిని ఇంటికి తెచ్చి, పాలు పట్టి, టీకాలు వేయించి, ఒక్కోదాన్ని ఒక్కో ఇంటికి చేర్చింది. ఆ రోజుల్లో కుక్కపిల్లలకు గిరాకీ ఉండేది. బడుల్లేవు, ఆఫీసుల్లేవు. పిల్లలు పొద్దస్తమానం ఫోన్లలోనే ఉంటున్నారని తల్లిదండ్రులు కుక్కపిల్లల కోసం వెతికారు. ఆఫీసులు తెరిచాక అలా తెచ్చుకున్నవాటిలో కొన్ని వీధికెక్కాయి. జున్నుకు ఆ గతి పట్టలేదు. సోఫాలో ఒక మూల దానిది. ఆదివారం ఉడికించిన గుడ్డు దానిది. ఏటా టీకా తప్పలేదు. ఒక వానాకాలం పిడుదుల వల్ల జ్వరం తగులుకుని ప్లేట్‌లెట్లు పడిపోతే, ఆయన ఆఫీసుకు సెలవు పెట్టి సెలైన్ పెట్టించాడు. నెల రోజులు జున్నుముక్కలో మాత్ర దాచి తినిపించాడు. ఆ కుక్కంటే ఆయనకు ప్రాణం. ఇందులో ఎవరికీ అనుమానం లేదు.

వెంట తీసుకువెళ్ళే దారి లేక కాదు. ఆయన కనుక్కున్నాడు. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో అమెరికా మన దేశాన్ని చేర్చింది. 2024 ఆగస్టు 1 నుంచి నిబంధనలు ఇంకా బిగించారు. ముందు కుక్క చర్మం కింద మైక్రోచిప్ పెట్టించాలి. ఆ తర్వాతే రేబిస్ టీకా. నెల ఆగి రక్తం తీయించి, వాళ్ళు ఒప్పుకున్న ల్యాబుకు పంపాలి. రక్తం తీసిన నాటినుంచి 28 రోజులు గడిస్తేగాని ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు. పరీక్ష లేకుండా తీసుకెళ్తే అక్కడే 28 రోజులు క్వారంటైన్. దించే విమానాశ్రయాలు కూడా కొన్నే. ఏజెంటు చెప్పిన ఖర్చు లక్షల్లో ఉంది.

మేలో మొదలుపెడితే ఆగస్టుకు పూర్తయ్యే పనే. కాని గంటల తరబడి బోనులో, విమానం అడుగున, చీకట్లో. దిగాక అక్కడి అపార్ట్‌మెంటువాళ్ళు ఏమంటారో. "దాన్ని హింస పెట్టడమే అవుతుంది" అన్నాడాయన. భార్య మాట్లాడలేదు. కొడుకు రెండు పూటలు అన్నం మానేశాడు. మూడో పూట తిన్నాడు.

సలహాలకు కరువు లేదు. ఊళ్ళో పొలం దగ్గర వదిలెయ్యమన్నారు చుట్టాలు. ఔటర్ రింగురోడ్డు దాటాక దింపేసి రమ్మన్నాడు ఆఫీసు మిత్రుడు. వదిలేయడం నేరం. ఆకలికో దాహానికో అలమటించేలా జంతువును దిక్కులేకుండా వదిలితే శిక్ష ఉందని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం చెబుతోంది. మొదటిసారి చేసిన తప్పుకు ఆ చట్టంలో రాసిన జరిమానా పది రూపాయలు మొదలు యాభై దాకా. అరవై ఏళ్ళు దాటినా ఆ అంకె మారకపోవడం మనందరికీ తలవంపు. ఆయనకు ఆ చట్టం సంగతి తెలియదు. తెలియకుండానే ఆ సలహాలను పక్కన పెట్టాడు.

అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు షెల్టర్ మాట ఎత్తాడు. ఇంటాయన ఒక శనివారం వెళ్ళి చూసొచ్చాడు.

షెల్టరువాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఉన్న నలుగురూ ఉన్న చోటులో ఉన్న డబ్బుతో చేయగలిగింది చేస్తున్నారు. సిమెంటు గచ్చు, ఇనప జాలీలు, ఫినాయిలు వాసన. కాళ్ళు లేనివి, కళ్ళు లేనివి, కారు కింద పడి బతికినవి. ఒకటి మొరిగితే అన్నీ మొరుగుతున్నాయి. అంత రద్దీలో పార్వో వచ్చినా డిస్టెంపర్ వచ్చినా ఒకదానితో ఆగదని అక్కడి కుర్రాడే చెప్పాడు. పిల్లల్ని అడిగి తీసుకెళ్ళేవాళ్ళు ఉన్నారు గాని, పెరిగిన కుక్కను, అందులోనూ నాటుకుక్కను, ఎవరూ అడగరని కూడా చెప్పాడు. చివరి గదిలో ఒక లాబ్రడార్ గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. పిలిస్తే తిరగలేదు. దాని మెడలో ఇంకా పాత ఇంటివాళ్ళు కట్టిన ఎర్ర పట్టీ, పట్టీకి ఒక గంట.

"ఎన్నాళ్ళయింది?"

"హోలీ అప్పుడొచ్చింది సార్. మొదట్లో గేటు చప్పుడైతే లేచేది."

ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు. పొద్దున్నే బ్యాంకు ఆవిడకు ఫోను చేశాడు. కుక్కపిల్లను ఇచ్చేటప్పుడు ఆవిడ పెట్టిన షరతు ఒకటుంది. ఉంచుకోలేని పరిస్థితే వస్తే తనకు చెప్పకుండా ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఆవిడ కారణం అడగలేదు. ఎన్ని రోజులుందని మాత్రం అడిగింది. ఫోటో పంపమంది. తెలిసినవాళ్ళకు తనూ చెబుతానంది. వచ్చినవాళ్ళతో నింపించమని తన ఫారం పంపింది.

ఆ ఫారం ఆవిడే రాసుకుంది. తెలుగులో, చేతిరాతతో. దాన్నే ఏళ్ళ తరబడి జిరాక్సు తీయిస్తోంది. జవాబులు కూడా తెలుగులోనే, ఎవరి చేత్తో వాళ్ళే రాయాలి. తన మాటల్లో తను రాసుకున్నది మనిషికి గుర్తుంటుందని ఆవిడ నమ్మకం. మొత్తం పద్నాలుగు ప్రశ్నలు. ఇల్లు సొంతమా అద్దెదా. ఇంట్లో ఎందరు. పగలు కుక్క దగ్గర ఎవరుంటారు. గొలుసు వేస్తారా. ఏం పెడతారు. పశువుల డాక్టరు ఎంత దూరం.

పదకొండోది ఇలా ఉంటుంది: వేరే ఊరికో వేరే దేశానికో వెళ్ళవలసి వస్తే ఈ కుక్కను ఏం చేస్తారు?

మిగతా వాటికి సాక్ష్యం దొరుకుతుంది. ఇంటికి వెళ్ళి గది చూడొచ్చు, గొలుసు చూడొచ్చు, డాక్టరును అడగొచ్చు. పదకొండోది ఇంకా రాని రోజు గురించి. దానికి మాటే సాక్ష్యం.

ఆయనకు ఆ ప్రశ్న బాగా పట్టింది. "ఒకసారి ఇల్లు మారుతోంది. రెండోసారి మారకూడదు" అన్నాడు భార్యతో. ఫారం చేతికి రాగానే ముందు పదకొండు దగ్గరికే వెళ్ళేవాడు.

మొదట వచ్చిన దంపతులు ఫారం దాకా రాలేదు. "ఏ బ్రీడ్?" అని అడిగారు. నాటుకుక్క అని చెప్పగానే కాఫీ తాగి లేచారు. మన ఎండకూ మన వానకూ పుట్టిన కుక్క అది. తెల్ల బొచ్చు హస్కీకి ఏసీ వేసి పెంచే ఊళ్ళో దాన్ని అడిగేవాళ్ళు లేరు.

రెండో ఆయనకు శంకర్‌పల్లి దగ్గర ఫామ్‌హౌస్ ఉంది. కాపలాకు కావాలన్నాడు. పదకొండు దగ్గర "తోటమాలి చూసుకుంటాడు" అని రాశాడు. తోటమాలి కూడా మానేస్తే అని ఇంటాయన అడిగాడు. కొత్త తోటమాలి చూసుకుంటాడన్నాడు. ఆయన ఫారం మడిచి పక్కన పెట్టాడు.

తర్వాత ముగ్గురు కుర్రాళ్ళు. ఒకే ఆఫీసు, ఒకే ఫ్లాటు. కుక్కతో గంటసేపు ఆడారు. జున్ను వాళ్ళ బూటు ఒకటి ఎత్తుకుపోయి మంచం కింద దూరింది. పదకొండు దగ్గర "అప్పుడు చూద్దాం" అని రాశారు. ఆయన నొచ్చుకోకుండా చెప్పి పంపాడు.

జూలైలో మదీనాగూడ నుంచి ఒక పెద్దాయన, భార్యతో కలిసి వచ్చాడు. వాళ్ళ కుక్క పద్నాలుగేళ్ళు బతికి పోయిన ఏడు పోయిందట. ఇంట్లో దాని గిన్నె అలాగే ఉందట. పెద్దాయన కుర్చీలో కూర్చోగానే జున్ను వచ్చి ఆయన పాదాల మీద గడ్డం ఆనించింది. ఇంటావిడ ఆశగా భర్తవైపు చూసింది. పదకొండు దగ్గర పెద్దాయన నిజాయితీగా రాశాడు: "మా అబ్బాయి సియాటిల్‌లో ఉన్నాడు. వెళ్ళవలసి వస్తే ఆర్నెల్లు మా తమ్ముడి దగ్గర ఉంచుతాము."

ఇంటాయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

"ఆ ఆర్నెల్లు ఇది గేటువైపు చూస్తూ కూర్చుంటుందండీ" అన్నాడు. "షెల్టర్లో ఒకదాన్ని చూశాను. అది నావల్ల కాదు."

పెద్దాయన వాదించలేదు. జున్ను తల నిమిరి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి భార్యాభర్తలు మొదటిసారి గట్టిగా మాట్లాడుకున్నారు. "మనకంత పట్టింపు అవసరమా?" అంది ఆవిడ. "కుక్క విషయంలో రాజీ లేదు" అన్నాడాయన.

ఆగస్టు వచ్చింది. 11వ తేదీన సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కల్ని పట్టి షెల్టర్లలో పెట్టమంది. దేశమంతా అదే మాట. సంఘం అధ్యక్షుడు లిఫ్టులో కనిపించి, "చూశారా, కోర్టే చెప్పింది. ఇంకా ఎందుకండీ ఆలస్యం?" అన్నాడు. 22న కోర్టు ఆ ఉత్తర్వు మార్చింది. ఆపరేషన్ చేసి టీకా వేశాక, రేబిస్ ఉన్నవీ మీదపడేవీ తప్ప మిగతావాటిని పట్టిన చోటే వదలమంది. ఇష్టమున్నవాళ్ళు దత్తత తీసుకోవచ్చంది. అలా తీసుకున్నవాళ్ళు, ఆ కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూసుకోవాలని కూడా రాసింది. ఆయన ఆ వార్త ఫోన్లో చదివి భార్యకు వినిపించాడు. అప్పటికి ప్రయాణం వారంలోకి వచ్చింది. హాల్లో సామాను లేదు. మాట్లాడితే గోడలు తిరిగి పలుకుతున్నాయి. జున్ను సోఫా ఉండిన చోట నేలమీద పడుకుంటోంది.

గేటు పక్క చింతచెట్టు కింద ఒక ఇస్త్రీ బండి ఉంటుంది. నారాయణపేట వైపు నుంచి వచ్చిన కుటుంబం. మొగుడు ఇళ్ళకు తిరిగి బట్టలు తెస్తాడు, ఆమె ఇస్త్రీ చేస్తుంది. తొమ్మిదో తరగతి చదివే కూతురు సాయంత్రం మడతలు లెక్కపెట్టి అందిస్తుంది. జున్నుకు ఆ బండి తెలుసు. పొద్దున తిప్పడానికి తీసుకెళ్తే అక్కడ ఆగకుండా కదలదు. చలికాలంలో బొగ్గులు తీసి పోసిన చోటుకు కాస్త ఎడంగా, వెచ్చదనం తగిలే దూరంలో ముడుచుకుంటుంది. ఆమె తన రొట్టెలో ముక్క విరిచి పెడుతుంది. ఆయన ఊరెళ్ళినప్పుడల్లా జున్నును మూడు పూటలా బయటికి తిప్పింది కూడా ఆ పిల్లే.

ఆమె చివరి ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి పైకి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడింది.

"సార్, జున్ను ఎవరికిస్తున్నరు?"

"ఇంకా తేలలేదమ్మా."

"మాకియ్యరాదు సార్?"

ఆయన ఆలోచించాడు. వాళ్ళది గోపన్‌పల్లి తండా దారిలో ఒక గది, పైన రేకులు. మనుషులు ముగ్గురు. ఇదే మాట మేలో అడిగి ఉంటే కాదనేవాడు. కాని ఇప్పుడు రేకుల గది కాకపోతే ఇనప జాలీలు. పైగా ఆమె మాట్లాడుతున్నంతసేపూ జున్ను ఆమె చీర కుచ్చిళ్ళ దగ్గర నిలబడి తోక ఊపుతోంది. ఆయన బ్యాంకు ఆవిడకు ఫోను చేశాడు.

సాయంత్రం ఆవిడ వచ్చింది. చేతిలో పాత ఫైలు. పైన జున్ను టీకా కార్డు, ఆపరేషన్ చేయించిన కాగితం, కింద ఇంకొన్ని కాగితాలు. ముందు కుక్కను చూసింది. చెవులు తిప్పి చూసింది, పళ్ళు చూసింది, వేళ్ళ సందుల్లో పిడుదులున్నాయేమో వెతికింది. "బాగా చూసుకున్నారు" అంది. ఆయన కళ్ళు తడి అయ్యాయి.

తర్వాత ఇస్త్రీ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడింది. జున్ను కొత్తచోట మొదట రెండు మూడు రోజులు తినకపోవచ్చు, భయపడొద్దంది. పాత దుప్పటి ఒకటి ఉతక్కుండా వెంట తీసుకెళ్ళమంది. పప్పన్నం పెట్టొచ్చు, ఉల్లిపాయ మాత్రం వద్దంది. టీకా ఖర్చు ఏటా తాను పెట్టుకుంటానంది. ఆమె ప్రతిదానికీ తలూపింది.

"రాయడం వచ్చా?" అంది ఆవిడ.

"నాకు రాదమ్మా. బిడ్డ రాస్తది."

"అయితే బిడ్డే రాస్తుంది. నువ్వు చెప్పు, వేలిముద్ర నువ్వు వెయ్యి."

ఫారం పిల్ల చేతికిచ్చింది. పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పింది. బడిలో తప్ప ఫారం నింపడం దానికి కొత్త. ఆవిడ ఫైలు కూడా ఇచ్చింది. "తెలియకపోతే ఇందులో ఒకటి నింపింది ఉంది. ఎలా రాయాలో చూసుకో" అని, టీకా కార్డు మాత్రం తీసుకుని లేచింది. ఆ తేదీల గురించి ఇంటావిడతో మాట్లాడుతూ వంటింట్లోకి వెళ్ళింది.

పిల్ల ఒక అట్టపెట్టె ముందు మఠం వేసుకుని కూర్చుంది. ఒక్కో ప్రశ్న పైకి చదివి తల్లిని అడిగి రాసింది. ఎక్కువసేపు పట్టింది పదకొండు దగ్గరే. తల్లి ఏదో చెప్పింది. పిల్ల తల అడ్డంగా ఊపి ఫైలు తిరగేసింది. జున్ను వచ్చి పిల్ల మోకాలికి ఆనుకుని పడుకుంది. కొడుకు గోడ వారన నిలబడి చూస్తున్నాడు.

రాయడం అయ్యాక పిల్ల లేచి ఫారం ఆయనకిచ్చింది. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు. ఈసారి ఆయన మొదటినుంచి చదివాడు. ఇల్లు: అద్దె, ఒక గది. పగలు కుక్క దగ్గర ఎవరుంటారు: అమ్మ, బండి కాడ. గొలుసు: లేదు. ఏం పెడతారు: మేం తినేది. ప్రతి జవాబుకూ ఆయన ముఖం కాస్త తేటపడింది. పదకొండు దగ్గరికి వచ్చాడు.

"మేము ఎక్కడికి వెళితే అక్కడికి తీసుకువెళతాము. అమెరికా వెళ్ళవలసి వచ్చినా సరే, దీనిని వదిలిపెట్టి వెళ్ళము."

ఆయన నవ్వాడు. కోపంగా కాదు, జాలిగా.

"అమెరికా ఏంటమ్మా? మీరు అమెరికా ఎందుకు వెళ్తారు?"

పిల్ల నేలవైపు చూసింది.

"ఇంత పెద్ద మాటలు రాయకూడదు" అన్నాడాయన. కుక్క కోసమే అంటున్నాడు. గొంతులో ఆదుర్దా ఉంది. "ఇలా రాసేవాళ్ళను నమ్మడమే కష్టం. మీ అమ్మ చెప్పింది రాయకపోయావా?"

"అమ్మ, మనం ఎటూ పోము, ఏం రాస్తవో రాయి అన్నది సార్. ఎటూ పోనోళ్ళు ఏం రాయాల్నో నాకు తెల్వలే. ఫైలుల ఉన్నది చూసి రాసిన."

"ఎవరిది చూసి?"

పిల్ల ఫైలు తెరిచి, అడుగున ఉన్న పాత ఫారం తీసి ఆయన ముందు పెట్టింది. పదకొండో ప్రశ్న కింద వేలు పెట్టి, అక్కణ్ణుంచి మెల్లగా కిందికి జరిపి, సంతకం దగ్గర ఆపింది.

"మీదే సార్."